గాలి తిరిగే వేళ

మొన్న మా ఏసీ చచ్చింది. చూడవచ్చిన మెకానిక్ బోర్డు కాలిందనీ, గ్యాస్ కారిపోయిందనీ, రిపేరు దండగనీ తేల్చి, కిటికీకి అడ్డంగా బిగించి ఉన్న బయటి పెట్టెను ఊడదీసి కింద పెట్టాడు. మా ఆయన అప్పుడే ఫోన్ తీసి కొత్తవాటికి ఎన్నెన్ని స్టార్లున్నాయో చూడటం మొదలుపెట్టారు. కరెంటు తక్కువ తాగేది కొంటే ప్రకృతికి మేలు చేసినట్టేనట. మరి నాలుగైదు ఎండాకాలాలకే పాడైన ఈ పెట్టె ఎక్కడికి పోతుందని అడిగితే ఇంకో మోడల్ చూపించారు. ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. రైలుకట్ట పక్కన పాతసామాన్లవాళ్లు రాగి కోసం వైర్లు తగలబెడతారు, ఆ పొగ సాయంత్రానికి మా ఇంటికే వస్తుంది. ఈసారికి కొనకుండా ఉండగలమేమో అని ఆశ పుట్టింది. పెట్టె పోయిన చోట మా పాత కిటికీ కనబడింది మరి.

ఆ కిటికీకి ఎదురుగా పక్కింటి అక్క కిటికీ. సూళ్లూరుపేటలో మా సందు ఎంత ఇరుకంటే, ఇటు నుంచి చెయ్యి చాపితే అటు చెయ్యి అందుతుంది. అక్క వాళ్లాయన బజారులో దర్జీ. రంజాన్ నెలలో ఆమె గంజి, మిగతా రోజుల్లో నా చేపల పులుసు ఆ ఊచల మధ్య నుంచే ప్రయాణాలు చేసేవి. ఊచల్లో పట్టే గిన్నెలే ఏరి కొనుక్కున్నామంటే నమ్మండి. ఎండాకాలం మధ్యాహ్నాలు వడగాలికి కిటికీలు మూసుకుని పడుకునేవాళ్లం. నాలుగు దాటాక పులికాట్ సరస్సు వైపు నుంచి చల్లగా గాలి తిరిగేది. ముందు తెలిసినవాళ్లు గరిటెతో రెండోవాళ్ల కిటికీ తట్టాలి. ఎప్పుడూ ముందు తెలిసేది అక్కకే. "గాలి తిరిగింది, లెయ్‌మే" అనేది.

వాళ్లాయనకు గుండె ఆపరేషన్ అయ్యాక ఉక్క పనికిరాదన్నారు. వాళ్లు కొన్న ఏసీ పెట్టెకు సందులో గోడ తప్ప చోటు లేదు. "మీ కిటికీకి వేడి కొడతాదేమో, ఏమనుకోబాకమే" అంది అక్క, నాకన్నా ఆమే ఎక్కువ బాధపడుతూ. ఏమనుకుంటాం? ఆ వేడికి కిటికీ మూశాం, మూసిన గదిలో ఉడికిపోయి మేమూ కొన్నాం. మా వేడి తగిలి మేడమీద వాళ్లూ, వాళ్ల వేడి తగిలి ఎదురు మేడవాళ్లూ కొన్నారు. తప్పు ఎవరిదని అడిగితే సందులో ఎవరి వైపూ వేలు చూపించలేను.

పెట్టె ఊడిన రోజు సాయంత్రం తుప్పుపట్టిన గడియతో కుస్తీ పట్టి కిటికీ తీశాను. అక్క వాళ్ల వేడి మొహాన కొట్టింది. మూసేయబోతుంటే వాళ్ల పెట్టె ఆగింది. ఎదురు కిటికీ తెరుచుకుంది. అక్క చేతిలో గరిటె.

"మీది తీసేసినారు గదా. నువ్వు కొనకుండా ఉంటానంటే నేనూ సాయంత్రాలు ఆపేస్తామే. చూద్దాం, ఉండు" అంది.

ఇద్దరం ఊచలు పట్టుకుని నిలబడ్డాం. మేడమీద ఆరేసిన లుంగీలు ఊగాయి. గాలి తిరిగిందని ఇద్దరికీ తెలిసింది. కానీ సందులోకి దిగింది మాత్రం పైవాళ్ల పెట్టెల వేడి. అయినా ఎవరమూ కదల్లేదు. లోపల వాళ్లాయన ఆయాసపడటం వినబడింది. అక్క వెనక్కి చూసి, "ఆయనకి చెమటలు పోస్తావుండాయిమే" అని, నా మొహం చూడకుండా కిటికీ మూసింది. కాసేపటికి పెట్టె మళ్లీ మోగింది. నాకు ఏడుపొచ్చింది. లోపలికి వెళ్లి, ఏదో ఒకటి కొనెయ్యమని మా ఆయనతో చెప్పాను.

కొత్తది నిన్న బిగించారు. నాలుగు దాటేసరికి ఇప్పటికీ నిద్రలో నా చెవి కిటికీ వైపే ఉంటోంది. గాలి తన వేళ తప్పలేదు, మాకే దానికి కిటికీ తీసే కాలం దాటిపోయింది.