ఇదుగో అంటే నేను

నేను పొగరుపట్టి తల తిప్పలేదని మా కాలేజీ వాళ్ళంతా చెప్పుకుంటారు. మోతుబరి ఇంటి కోడలినయ్యాక, బస్సు కిటికీలోంచి పిలిచే పాత స్నేహితురాలు నా కంటికి ఆనలేదట. ఈ మాట పుట్టించింది ఆ స్నేహితురాలే. మిగతావాళ్ళు దానికి కాళ్ళూ చేతులూ అతికించారు. నేను తల తిప్పని మాట నిజం. పొగరు మాత్రం అబద్ధం. నాకు వినపడలేదు. ఇది ఎవరూ నమ్మరు, ఎందుకంటే అదే బస్టాండులో, అదే నిమిషంలో, పల్లీలమ్మేవాడి కేక నాకు శుభ్రంగా వినపడింది.

మా అత్తగారి పేరూ నా పేరూ ఒకటే. పెళ్ళిచూపుల్లో ఈ సంగతి తెలిసి అందరూ తెగ ముచ్చటపడ్డారు. ముచ్చట వాళ్ళది, పోయిన పేరు నాది. కోడలికి అత్త పేరే ఉంటే ఆ ఇంట్లో ఆ పేరు పెట్టి కోడలిని ఎవరూ పిలవరు. మొగుడు అసలే పిలవడు, తల్లి పేరు కదా. కొన్ని ఇళ్ళల్లో కొత్త పేరైనా పెడతారు. మా వాళ్ళు ఆ శ్రమ కూడా పడలేదు. మా ఆయన నన్ను "ఇదుగో" అనేవాడు. అంతే.

వేరే పేరేదైనా పెట్టి ఉంటే అది నాకొక్కదానికే ఉండేది. "ఇదుగో" ఊరందరి నోట్లోనూ ఉంటుంది. మిరపకాయలు ఎండబోసిన రోజుల్లో ఇంటి వెనక కళ్ళంలో మా ఆయన కూలీలతో "ఇదుగో, టార్పాలిన్ పట్టా ఇటు లాగండి" అంటే నేను పొయ్యి మీద కూర వదిలేసి పరిగెత్తేదాన్ని. అరుగు మీద నుంచి మా అత్తగారు నవ్వేది. "నిన్ను కాదులేవే, పో." సరేనని మరోసారి కదలకుండా ఉంటే అప్పుడు పిలిచింది నన్నే అయ్యేది. "ఏందే, చెవుడా? ఎంతసేపు అరవాల?" అని మా ఆయన విసుక్కునేవాడు. చెవిని గుంజకు కట్టేసినట్టుండేది. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చినా, పక్కింట్లో ఎవరో ఎవరినో "ఇదుగో" అంటే లేచి కూర్చునేదాన్ని. వాకిట్లో ఎవరైనా నా పేరు పెట్టి పిలిస్తే మాత్రం అది అత్తగారికే. కొత్తలో నేనూ తలెత్తి చూసేదాన్ని. వచ్చినవాళ్ళు నా పక్కనుంచి లోపలికి చూసేవాళ్ళు. కొన్నాళ్ళకు ఎత్తడం మానేశాను.

ఎంత గోలలోనైనా మనసు తనకు సంబంధించిన మాటను ఏరి పట్టుకుంటుందంటారు. నేనూ కాదనను. నా మనసు ఆ పని చాలా నమ్మకంగా చేసింది. ఏది తనదో దానికి నేర్పింది మాత్రం నేను కాదు.

ఆ ఇంట్లోంచి రోజూ ఓ నాలుగు గంటలైనా బయటపడాలని నేను పోరేదాన్ని. ఎకనామిక్స్‌లో ఎమ్మే చేసి కాయల తొడిమలు తీస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. చివరికి అత్తగారు ఒక మాటిచ్చింది. "ఎవరన్నా పిలిచి ఉద్యోగమిస్తే పో. మనమెళ్ళి ఎవర్నీ అడిగేది లేదు."

ఇక ఆ రోజు సంగతి. నరసరావుపేట బస్టాండులో మా ఆయన నన్ను సంచుల దగ్గర నిలబెట్టి పురుగుమందు కొనడానికి వెళ్ళాడు. ఎదురుగా గుంటూరు బస్సు ఆగి ఉంది. వెనకనుంచి "ఇదుగో, వేడి వేడి పల్లీలు" అని వినపడగానే గిరుక్కున తిరిగాను. కొంటాననుకుని పాపం వాడు పొట్లం కూడా చుట్టేశాడు. నాకు తెలిసింది ఇంతే.

మిగతాది కొన్నేళ్ళ తర్వాత మంగళగిరిలో ఒక పెళ్ళిలో తెలిసింది. హాస్టల్లో నాతో ఒకే గదిలో ఉన్న ఆ స్నేహితురాలు ఎదురైంది.

"ఏమ్మా, ఇప్పుడైనా కనపడతామా?" అంది.

"ఏందే ఆ మాట?"

"ఆ రోజు పేట బస్టాండులో, డ్రైవరు టీ తాగుతున్నంతసేపూ కిటికీలోంచి గొంతు పోయేలా పిలిచాను. బస్సులో జనమంతా నావంక చూశారు, నువ్వు తప్ప. పల్లీలవాడు అరిస్తే మాత్రం తిరిగావు. పల్లీల పాటి చెయ్యలేదన్నమాట నేను."

"ఏమని పిలిచావు?"

"నీ పేరు పెట్టే. ఇంకేమని పిలుస్తారు?"

అప్పట్లో తను పనిచేసే జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే మనిషి కావాల్సి వచ్చిందట. నన్ను చూడగానే దేవుడే చూపించాడనుకుందట. నేను మొహం తిప్పుకున్నానని వేరే అమ్మాయిని పెట్టించిందట. "ఇప్పటికీ ఆ అమ్మాయే చెబుతోంది" అంది, అప్పడం విరుచుకుంటూ. పేరు సంగతంతా చెప్పాను. "సొంత పేరు వినపడని మనిషి ఉంటుందటే? ఇంకేదైనా చెప్పు" అని నవ్వేసింది.

ఇంటికొచ్చి మా ఆయన్ని అడిగాను. "ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలవండి."

"మా అమ్మ పేరు పెట్టి నిన్నెట్టా పిలిచేది? కళ్ళు పోతాయి."

"అత్తయ్య ఊళ్ళో లేదుగా."

గోడవైపు చూస్తూ, సిగ్గుపడుతూ పిలిచాడు. నా చూపు గుమ్మం మీదికి పోయింది, అత్తగారు ఎప్పుడొచ్చిందా అని.

"చూశావా, నీకూ అలవాటు తప్పింది" అన్నాడు. "ఇదుగో, కాసిని మంచినీళ్ళు తే." వెళ్ళి తెచ్చాను.

నా మనసు నన్ను మోసం చేసిందంటే ఒప్పుకుంటాను. మరి కిటికీలోంచి పిలిచిన నీ మనసో? నేను పలకకపోయేసరికి అది నీకు జరిగిన అవమానమేనని నిమిషంలో తేల్చేసింది. నాకేమైందోనన్న ఊహ దాని దరిదాపులకు కూడా రాలేదు. డ్రైవరు ఇంకా టీ తాగుతూనే ఉన్నాడని ఆ పెళ్ళిలో నువ్వే అన్నావు. మరి ఆ రెండు మెట్లు దిగి వచ్చి నా భుజం మీద చెయ్యి వెయ్యడానికి నీకేం అడ్డొచ్చిందే?