పార్వతక్క బావి పక్కన నా బోరు

ముందే చెప్పేస్తున్నాను, ఇది నా ఇంటి పెరట్లో, నా సొంత తెలివితో, నేను చేసుకున్న సర్వనాశనం ముచ్చట. వరద వచ్చినా గాలివాన వచ్చినా మనం ఎవరో ఒకరిని తిట్టుకోవచ్చు. దీనికి ఆ సౌకర్యం కూడా లేదు. ఎటు తిప్పి చూసినా తప్పంతా నా దగ్గరికే వచ్చి కూర్చుంటుంది. మీరు మా వీధివాళ్లు కారు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. మా వీధివాళ్లకు నేను చెప్పాల్సిన పనిలేదు, ఇప్పటికీ వాళ్లే నాకు చెబుతుంటారు.

మాది బద్వేలు. మా ఆయనకు బజారులో కిరాణా కొట్టు. ఆయనా వాళ్లన్నా పాత ఇంటిని రెండు భాగాలు చేసుకున్నప్పుడు పెరటి మధ్యన గోడ లేచింది. గోడ నేరుగా వచ్చి బావి దగ్గర ఆగిపోయింది. బావిని ఎలా పంచాలో పెద్దమనుషులకు కూడా తోచలేదు. చివరికి బావి మీద అడ్డంగా రాతిదూలం వేసి, దాని మీదుగా గోడ లేపారు. గట్టు సగం మాకు, సగం వాళ్లకు. గిలక మాకొకటి, వాళ్లకొకటి. కింద నీళ్లకు మాత్రం గోడ లేదు.

అవతలి గట్టు మా బావగారి భార్య పార్వతక్కది. నాకు తోడికోడలు. గోడ ఎత్తుగా ఉండేది కాబట్టి ఒకరికొకరం కనిపించేవాళ్లం కాదు. తెల్లారగానే ఇద్దరం గట్టు మీదికి వంగి చేద వేస్తూ బావిలోకి మాట్లాడుకునేవాళ్లం. మాట కిందికి దిగి, నీళ్లకు తగిలి, అవతల పైకి తేలేది. "ఏం కూరమ్మే ఈ పొద్దు?" అని పార్వతక్క అడిగితే పాతాళం నుంచి ఎవరో పెద్దావిడ నా వంకాయల గురించి విచారిస్తున్నట్టు ఉండేది. వీధిలో ఎవరికి సంబంధం కుదిరిందో, ఎవరింట్లో అలిగారో, అన్నీ నాకు ఆ బావిలోంచే తెలిసేవి.

ఒక ఎండాకాలం నాకు చేద తోడే పని మీద అసహ్యం పుట్టింది. అరచేతులు కందిపోతున్నాయి, నీళ్లు అడుగుకు పోయాయి. బావిలో మోటరు వేయిద్దామని పార్వతక్కతో అన్నాను.

"వద్దే సులోచనా. ఉండేదే మోకాలిలోతు నీళ్లు. మోటరు పెడితే నిమిషంలో పీల్చేస్తాది. ఇంగ మాకూ లేదు, మీకూ లేదు."

"ఊర్లో అందరూ పెట్టుకుంటాండారక్కా!"

"అందరి బావీ మన బావీ ఒకటేనా? నేను ఒప్పుకోను."

ఇక్కడ మీకు నా సంగతి కొంచెం చెప్పాలి. నన్ను ఎవరైనా కుదరదంటే నా చెవులకు అది కుదురుతుందని వినిపిస్తుంది. గట్టు మీద నిలబడి, వీధికంతా వినపడేలా ప్రకటించాను.

"నీ బావి నువ్వే పెట్టుకోక్కా! నేను బోరు ఏయించుకుంటా. ఇంగ మీద ఈ బావి నీళ్లు ఒక్క చుక్క నా గడప లోపలికి వచ్చిందా, నా పేరు మార్చుకుంటా!"

అవతల గిలక ఒకసారి కిర్రుమంది, అంతే.

ఆ వారమంతా నేను పొయ్యి దగ్గర కూడా సెల్‌ఫోను వదల్లేదు. బావుల గురించి, బోర్ల గురించి దొరికిన ప్రతి వీడియో చూశాను. చూసినదంతా అన్నం వడ్డిస్తూ మా ఆయనకు పాఠం చెప్పాను.

"చేదబావి అంటే ఏంది? పైమట్టిలో, మెత్తరాయిలో ఊరే నీళ్లు. వాన పడితే ఊరతాది, ఎండ కాస్తే అడుగంటతాది. దిగుడుబావి కూడా అంతే, కాకపోతే మెట్లుంటాయి. చేతిపంపు సన్న బోరే, మోటరు బదులు మన చెయ్యి. ఇంగ అసలు సిసలు బోరు! బండను తొలుచుకొని పోతాది. బండ సందుల్లో దాక్కున్న నీళ్లను లాగతాది. దానికీ పైనీళ్లకూ సంబంధమే లేదు!"

"అట్నా," అన్నారు మా ఆయన, రసం కోసం చెయ్యి చాస్తూ. "యాడ ఏయిస్తావు మరి?"

నిజం చెప్పాలంటే నేను నీళ్లు ఎక్కడ పడతాయని ఆలోచించనే లేదు. బోరు వేసేటప్పుడు పార్వతక్కకు బాగా ఎక్కడ వినపడుతుందని ఆలోచించాను. పెరడంతా ఖాళీగా ఉండగా, బావికి పక్కనే, గోడ వారగా ముగ్గుపిండితో గుర్తు పెట్టాను.

"బావికి అంత దగ్గరనా?" అన్నారాయన.

"బావి వేరే, బోరు వేరే. ఇంతసేపు ఏం చెప్తాండా మీకు?"

బోరు బండి వచ్చింది. వీధి వీధంతా పిట్టగోడలెక్కింది. డ్రైవరు దిగి అడిగాడు.

"అక్కా, కేసింగు ఎంత దించాల?"

కేసింగంటే బోరు పైభాగంలో దించే గొట్టం. పైమట్టి కూలి బోరు పూడకుండా ఉంటుందని వీడియోలో చూశాను. అంతవరకే చూశాను. అంతలో పొయ్యి మీద పాలు పొంగితే ఫోను పక్కన పెట్టేశాను. ఆ వీడియో రెండో సగం చూసి ఉంటే ఈ ముచ్చటే లేదు.

"పైన మట్టి కూలకుండా కొంచెం దించప్పా, చాలు. కింద బండే కదా, బండ కూలతాదా?" అన్నాను, పుట్టినప్పటి నుంచీ బోర్లే వేస్తున్నదానిలా.

మిషను మొదలైంది. బూడిదలాంటి దుమ్ము లేచి మా ఇల్లూ, పార్వతక్క ఇల్లూ, ఆరేసిన గుడ్డలూ అన్నీ ఒకే రంగుకు వచ్చాయి. కాసేపటికే అవతల నుంచి కేక.

"అయ్యో దేవుడా! బావి ఉడకతాండాదే!"

పరుగెత్తి గట్టు మీద నుంచి తొంగి చూశాను. నిజమే, బావిలో నీళ్లు అన్నం కుండలా కుతకుత ఉడుకుతున్నాయి. బురద పైకి లేస్తోంది. బోరులోకి కొట్టే గాలి బావిలో ఎందుకు తేలుతోందని బుద్ధి ఉన్న మనిషికి అనుమానం రావాలి. నాకు మాత్రం గర్వం వచ్చింది.

"చూసినావా, నా బోరును చూసి నీ బావి వణకతాండాది!" అన్నాను.

అంతలో బోరు నోట్లోంచి తెల్లగా నీళ్లు ఎగిరాయి. వీధంతా చప్పట్లు.

"నీళ్లు పడినాయక్కా. ఇంగా లోతుకు పోదామా, ఆపేద్దామా?"

"ఆపెయ్యి. ఇంత పైనే గంగమ్మ వస్తే ఇంగా లోతుకెందుకు?"

మోటరు దించారు. మా కొళాయిలో నీళ్లు వచ్చాయి. చల్లగా, తియ్యగా. అచ్చం బావి నీళ్ల రుచే. ఎంత మంచి బోరు కాకపోతే ఇంత రుచి వస్తుంది అనుకున్నాను.

కానీ తెల్లారి లేస్తే ఇల్లు బోసిగా ఉండేది. కొళాయి తిప్పితే నీళ్లు వస్తాయి, ఏం కూరని అది అడగదు కదా. అవతల గిలక కిర్రుమనేది. పలకరిద్దామని నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. వీధిలో ఎవరి సంబంధం తప్పిపోయిందో కూడా తెలియడం మానేసింది. బాధగానే ఉండేది. అయినా మాట అన్నాను కదా, మాట మీద నిలబడాలి.

బోరుకు పూజ చేసి, వీధి ఆడవాళ్లందరికీ ఓళిగలు, అంటే బొబ్బట్లు, పెట్టాలని నిశ్చయించాను. "వదినను కూడా పిలువు" అన్నారు మా ఆయన మెల్లగా. "నేను పిలవను" అన్నాను. పిలవకపోగా ఇంకో ఘనకార్యం చేశాను. బోరు వేసినప్పటి నుంచి అవతల బావి నీళ్లు ఇంకా మురికిగానే ఉన్నాయని విని, బావి శుద్ధికి వేసే ఊదారంగు పలుకుల మందు పెద్ద పొట్లం కొట్టు నుంచి తెప్పించాను. చిటికెడు వేస్తే చాలని చెప్పొచ్చు కదా? చెప్పలేదు. పూజ ముందురోజు గోడ మీద నుంచి పొట్లం విసిరాను.

"అక్కా, మీ బావికి ఇది శానా అవసరం. మొత్తం ఏసుకో!"

పూజ రోజు ఇరవైమంది ఆడవాళ్లు వరండాలో బారుగా కూర్చున్నారు. ఓళిగల మీద నెయ్యి కరుగుతోంది. నేను పట్టుచీరలో నిలబడి, బోరు గొప్పతనం గురించి మళ్లీ పాఠం అందుకున్నాను.

"ఇది చేదబావి నీళ్లు కాదు! భూమి గుండెల్లో దాచుకున్న నీళ్లు! తాగి చూడండి, తేడా మీకే తెలుస్తాది!"

మా ఆయన మోటరు వేసి, కొళాయి కింద గాజుగ్లాసులు నింపి పళ్లెంలో పెట్టి తెచ్చారు. ఆయన మొహం అదోలా ఉంది.

గ్లాసుల్లో నీళ్లు గులాబి రంగులో ఉన్నాయి.

మా ఎదురింటి మస్తాన్‌బీ గ్లాసును వెలుగులోకి ఎత్తి మురిసిపోయింది. "వాహ్ సులోచనమ్మా! నీళ్లంటివి, షర్బత్ పోస్తాండావే!"

"షర్బతు కాదు," అన్నాను. నా మెదడు దౌడు తీసింది. "లోతు నీళ్లు ఈ రంగే ఉంటాయి. బండలో ఇనుముంటాది కదా, ఆ ఇనుము. రక్తానికి మంచిది!"

ఎవరూ గ్లాసు నోటి దగ్గరికి తీసుకుపోలేదు. వెనక్కి తగ్గితే ఓడిపోయినట్టే. నేనే ఒక గ్లాసు తీసుకుని, కళ్లు మూసుకుని, గటగటా చివరిదాకా తాగేశాను. నాలుక మీద తుప్పు మేకు చప్పరించినట్టు ఉంది. నవ్వుతూ అందరి వైపు తిరిగాను. గోధుమరంగుకు తిరిగిన నా పళ్లు చూసి ముందువరసలో పిల్లతల్లి ఒకామె బిడ్డ కళ్లు మూసింది.

సరిగ్గా అప్పుడు పెరట్లో బావిలోంచి గొంతు వినపడింది. ఎన్నాళ్ల తర్వాతో.

"సులోచనా! ఓ సులోచనా! యాడుండావే?"

అందరూ చెవులు నిక్కించారు. నేను గట్టు దగ్గరికి పరుగెత్తాను. వెనకాలే ఇరవైమందీ వచ్చారు.

"ఏందక్కా?"

"నువ్విచ్చిన మందు మొత్తం ఏసినానే నిన్న సాయంత్రం. ఎక్కువయినట్టుండాది. నీళ్లన్నీ గులాబి రంగు తిరిగినాయి. పిల్లోళ్లను తాగద్దని చెప్పినా. ఒట్టు పెట్టుకున్న దానివి, అడగకూడదు గానీ... మీ బోరు నీళ్లు మంచివంట కదా, తాగేదానికి ఒక బిందెడు ఇస్తావా?"

నేను పిలవని మనిషి, నేను వెక్కిరించిన మనిషి, పిల్లల కోసం తన పౌరుషం పక్కన పెట్టి నన్ను నీళ్లు అడుగుతోంది. ఆమె నీళ్లు పాడు చేసింది నేను. ఇద్దామంటే నా దగ్గర ఉన్నవీ ఆమె నీళ్లే. నా జన్మలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. బావిలోకి దూకుదామంటే అది కూడా సగమే మాది.

నా బదులు మస్తాన్‌బీ వంగి బావిలోకి అరిచింది. "ఈడ కూడా అదే రంగు పార్వతమ్మా! ఈమె ఒక గ్లాసు తాగేసింది గూడా!"

బావిలోంచి నవ్వు మొదలైంది. ఆ నవ్వు నీళ్లకు తగిలి, రాళ్లకు తగిలి, రెండింతలై పైకి వచ్చింది.

"అంటే మోటరు వద్దు వద్దంటే... బండ తొలిచి మరీ నా బావిలోనే పెట్టినావన్నమాట!"

"అక్కా..." అన్నాను. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. "ఓళిగలు చేసినా. రాక్కా."

"వస్తా గానీ, చుక్క గడప లోపలికి వస్తే పేరు మార్చుకుంటా అంటివే. నువ్వు గ్లాసు తాగితివి. ఏం పేరు పెట్టేది?"

"గులాబీ!" అంది మస్తాన్‌బీ. వీధి ఏకగ్రీవంగా ఆమోదించింది.

మధ్యాహ్నం అందరూ పోయాక వీడియో రెండో సగం చూశాను. కేసింగును గట్టి బండలోకి దిగేదాకా దించాలట, లేకపోతే పైనీళ్లన్నీ నేరుగా బోరులోకే జారిపోతాయట. తర్వాత పెరటి ఆ చివర ఇంకో బోరు వేయించాం, పద్ధతిగా. నీళ్లు పడ్డాయి గానీ ఉప్పగా ఉంటాయి, కందిపప్పు ఉడకదు. గుడ్డలకూ స్నానాలకూ ఆ బోరు, గోడ మీదుగా రెండు ఇళ్లకూ పైపు. వంటకూ తాగడానికీ మళ్లీ చేద, గిలక, పార్వతక్క. పాత బోరు మీద బండ పెట్టి మూసేశాం. ఆ బండ మీద పార్వతక్క ఒక పూలకుండీ పెట్టించింది. అందులో ఏం చెట్టుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మొన్న ఒక పొద్దున గట్టు మీద నిలబడి, చేద పక్కన పెట్టి, చేతులు జోడించి, బావిలోకి గంభీరంగా పలికాను. "గంగమ్మ తల్లీ, ఈ సులోచన బతికున్నన్నాళ్లూ ఏ వీడియోనూ సగంలో ఆపదు, ఏ మందునూ గోడ మీంచి విసరదు, ఎవరి మీదా శపథం చెయ్యదు. ఇది నా ఒట్టు!"

నీళ్లలోంచి పార్వతక్క గొంతు తేలి వచ్చింది.

"మళ్లా ఒట్టెందుకే గులాబీ? ఇంగో పేరు యాడ నుంచి తెచ్చేది?"