గోడ పక్క పెట్టె

హన్మాండ్లు మొదటిసారి దోహా ఉమ్ ఘువైలినా పేటలో మా ఫ్లాటుకు వచ్చినప్పుడు చేతిలో పాలపొడి డబ్బా ఉంది. లోపల గుడ్డ పరిచి, దాని మీద వందకు పైగా చచ్చిన తేనెటీగలు పెట్టుకొచ్చాడు. ఒక్కొక్కదాన్నీ నీళ్ళతో కడిగి, నీడన ఆరబెట్టాడట. ఎందుకు చచ్చాయో చూసి చెప్పమన్నాడు.

“కడిగావెందుకయ్యా?”

“సచ్చినోళ్ళకు తానం పొయ్యకుండ ఎట్లిస్తమమ్మా?”

నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. నేను దోహాలో ఒక ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్ని. మనుషుల ఒంట్లోంచి తీసిన ముక్కలను మైనంలో బిగించి, పలచగా కోసి, రంగులద్ది మైక్రోస్కోపు కింద పెట్టడం నా డ్యూటీ. పురుగులు నా పని కాదని పంపేస్తే సరిపోయేది. నా నోరు ఊరుకోదు కదా! “చచ్చాక లోపలి కణాలు గంటల్లో కుళ్ళిపోతాయి. చూడాలంటే బతికున్న ఈగ కావాలి” అన్నాను. ఆ మాటతో ఇరుక్కున్నాను.

హన్మాండ్లుది మెట్‌పల్లి దగ్గర పల్లె. తాపీ పనికని వచ్చి, 1990 నుంచి ఆరేళ్ళుగా ఇండస్ట్రియల్ ఏరియా వెనక ఒక అర్బాబు, అదే యజమాని, తోటలో తేనెపెట్టెలు చూస్తున్నాడు. తోట నిండా రేగుచెట్లు. గోడకు అవతల పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే యార్డు. ఆ ఏడు ఈగలు రాలిపోయి పెట్టెలు ఖాళీ అవుతున్నాయి. హన్మాండ్లు వేళకు నీళ్ళు పెట్టకపోవడం వల్లే చచ్చాయని అర్బాబు కోపం. నెలాఖరుకు ఇంటికి పంపేస్తానన్నాడు.

“పంపితె పోత అమ్మా. ఈగల సంపినోడని పేరు వెట్టి పంపొద్దు.”

కణాలు కుళ్ళకుండా మూడు సీసాల్లో ఫార్మలిన్ పోసిచ్చాను. గోడ పక్క పెట్టెలోంచి పది ఈగలు, గోడకు దూరంగా తోట చివరనున్న పెట్టెలోంచి పది, ఎక్కడో ఉత్తరాన అల్ రువైస్‌లో అదే అర్బాబుకున్న రెండో తోట నుంచి పది. బతికుండగానే ముంచాలని చెప్పాను.

“మంచిగున్నయిగూడ సంపాల్నా?”

“మంచివి చూడకపోతే చెడ్డవి ఎంత చెడ్డాయో ఎలా తెలుస్తుంది?” అని కసిరాను. అంత తేలిగ్గా అన్నందుకు ఇప్పుడు సిగ్గేస్తుంది.

రెండు శుక్రవారాల తర్వాత తెచ్చాడు. రాయడం రాదు కాబట్టి సీసాల మెడలకు దారాలు కట్టాడు. గోడ పక్కదానికి ఎరుపు, తోట చివరిదానికి పసుపు, అల్ రువైస్‌దానికి తెలుపు. ఏడుస్తూనే ముంచాడని, అతన్ని అల్ రువైస్ తీసుకెళ్ళిన అర్బాబు డ్రైవరు ముజఫ్ఫర్ అలీ నాకు చెప్పాడు.

మైనం కట్టే పురుగును మైనంలోనే బిగించి కోశాను. తెల్ల దారం కట్టిన అల్ రువైస్ ఈగ పేగు గోడలో కణాలు మొక్కజొన్న పొత్తు మీద గింజల్లా బారులు తీరి ఉన్నాయి. పసుపు దారం ఈగలో అక్కడక్కడా ఉబ్బాయి. ఎర్ర దారం ఈగలో అసలు వరసే లేదు. కణాలు పగిలి, ఊడి, పేగు మధ్యలో కుప్ప పడ్డాయి. విషం పేరేమిటో కణం చెప్పదు. గోడకు దగ్గరైన కొద్దీ దెబ్బ ఎక్కువగా ఉందని మాత్రం చెప్పింది. నీళ్ళ తప్పే అయితే ఆ తోటలో రెండు పెట్టెల్లోనూ ఒకేలా ఉండేది.

అర్బాబు స్వయంగా ల్యాబుకు వచ్చి మూడు స్లైడులూ చూశాడు. హన్మాండ్లు తప్పేమీ లేదని అందరి ముందూ అన్నాడు. పక్కన నిలబడి హన్మాండ్లు కూడా చూశాడు, చాలాసేపు. ఆ రోజు నా కాళ్ళు నేల మీద లేవు. ఇంటికెళ్ళి పాయసం చేశాను.

తర్వాతి నెలలో ఒక శుక్రవారం తేనె సీసా పట్టుకుని వచ్చాడు. పెట్టెలన్నీ పికప్‌లో అల్ రువైస్ చేరాయట.

“ఈగలెట్లా ఉన్నాయి?”

“మంచిగున్నయమ్మా. ఆడ సూసెటోడు ముందే ఉన్నడు.”

“మరి నువ్వు?”

“ఖాలీగ ఉండుడెందుకని గోడవతలి యార్డుల వెట్టిండు. అది అర్బాబు బామ్మర్దిదే అమ్మా. బ్యాటరీలు పలగ్గొడుతున్న.”

“ఆ ఎర్ర దారం ఈగను నీ కళ్ళతో చూశావు కదయ్యా! రానని చెప్పలేకపోయావా?” అని అరిచాను.

“పాస్‌పోర్ట్ ఆయనతాన్నే ఉండె. ఏమని జెప్పుదు?”

నేను నిరూపించకపోయి ఉంటే నెలాఖరుకు ఇల్లు చేరేవాడు. చెడ్డ పేరుతోనైనా సరే, చేరేవాడు. నా తెలివి మీద నాకే అసహ్యం వేసింది.

“రేపే ల్యాబుకు రా. రక్తం తీయిస్తాను. సీసం ఎంతుందో తెలుస్తుంది” అన్నాను.

అతను దగ్గు ఆపుకుని, మెల్లగా అడిగాడు. “ఎక్కువున్నదని తెలిస్తె ఆ పెట్టెల లెక్క నన్నేడికి మోస్తరమ్మా?”

 వెళ్ళొస్తానని మెట్లు దిగాడు. బల్ల మీద పెట్టిన తేనె సీసా మెడకు తెల్ల దారం కట్టి ఉంది.