ఎల్మర్ రెండో కొలత

మా మరిది ఎల్మర్ హ్లుష్కో దేన్నయినా రెండుసార్లు కొలవందే నమ్మడు. ఒక్కసారి కొలిస్తే అది కొలత కాదు, పుకారు అంటాడు. పుట్టినరోజు కేకు కొయ్యడానికి చాకుతోపాటు టేపు తెస్తాడు. చర్చిలో ఫాదర్ "దేవుడు మీకు తోడుండుగాక" అంటే, ఇంకోసారి అనేదాకా బల్ల మీంచి లేవడు.

డన్‌రోవెల్ కర్లింగ్ రింకులో ఆటకు మంచు పరిచే పని వాడిది. రెండు జట్లు మంచు మీద జారవిడిచిన ఎర్ర, పసుపు రాతిగుండ్లు గురికి సమాన దూరంలో ఆగినట్టుంటే కొలబద్ద తెచ్చేదీ వాడే. వంగి కొలిచి "ఎర్రది" అంటాడు. మళ్లీ వంగి కొలిచి "ఎర్రదే" అంటాడు. ఆ "దే" వినేదాకా మా ఊళ్లో ఎవడూ చప్పట్లు కొట్టడు.

నేను వాడి అన్న స్టెఫాన్ భార్యని, డోరీన్ని. ఆ రింకు క్యాంటీన్లో ఆలుగడ్డ ముద్ద పెట్టి మడిచే పెరోగీలు చేసేది నేనే. ఒక్కోటీ పద్దెనిమిది మడతలు, ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు.

పదకొండేళ్ల కిందట ఫైనల్ ఆట రోజున మంచు అర డిగ్రీ తేడాగా ఉందని ఎల్మర్ రింకుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని ఇంటికొచ్చేశాడు. రింకు కమిటీ వాళ్లు మండిపడి వాణ్ని విన్నిపెగ్‌లో ఓ డాక్టరు దగ్గరికి పంపించారు. ఆయనకు మా మానిటోబా రాష్ట్రం గాలి, మాటతీరు కొత్త. "మీ నాన్న పోయినప్పుడు మీకెలా అనిపించింది?" అని అడిగాడట. వీడు "ఫర్వాలేదు" అన్నాడట. ఆయన "భావాలు తక్కువ" అని రాసేసుకున్నాడు. నలభై నిమిషాల్లో ఆటిజం అని కాగితం చేతికిచ్చాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఊళ్లో వరదొచ్చి నేలమాళిగ మునిగినా ఫర్వాలేదే, పెళ్లికూతురిని పెళ్లెలా జరిగిందని అడిగినా ఫర్వాలేదే! ఆ మాటకే జబ్బు అంటగడితే ఊరు ఊరంతా బస్సెక్కించి తీసుకుపోవాలి. ఇదే మాట ఎల్మర్‌తో అన్నాను.

"జబ్బని ఆయన అనలేదు వదినా" అన్నాడు వాడు. ఆ కాగితాన్ని చట్రం కట్టించి రింకులో థర్మామీటరు పక్కన తగిలించాడు.

"ఒరేయ్, ఒక్కసారే కొలిచాడు కదరా! నీకు అది చాలిందా?"

"చాలింది."

బతుకులో మొదటిసారి వాడు ఒక్క కొలతతో ఊరుకున్నాడు, అదీ తన గురించి! కుటుంబం పేరు మీద పడ్డ ఆ ముద్ర చెరిపించాలని పదకొండేళ్లు పోరాను. గోడకు చెప్పినట్టే అయ్యింది.

ఉన్నట్టుండి మొన్న ఫిబ్రవరిలో క్యాంటీన్ కిటికీ దగ్గరికొచ్చి, "వదినా, సెకండ్ ఒపీనియన్‌కి వెళ్తున్నా. చిన్నప్పట్నుంచీ ఎరిగిన మనిషి ఎవరైనా తోడు రావాలట. నువ్వు రా" అన్నాడు.

"ఇన్నేళ్లకి బుద్ధొచ్చిందన్నమాట!" అన్నాను. వాడికి ఐదేళ్లప్పటి నుంచీ ఎరుగుదును. మా పొలాలు పక్కపక్కనే.

దారిలో ఎప్పుడూ ఆగే చోటే కాఫీకి ఆగాం. నా కుర్చీలో ఎవడో లారీ డ్రైవరు కూర్చున్నాడు. వాడు లేచేదాకా పక్కనే నిలబడ్డాను. మర్యాద తెలిసినవాడైతే ముందే లేచేవాడు.

కొత్త డాక్టరు ఫేర్ అనే ఆవిడ, మా వైపు మనిషే. "ఎలా ఉన్నారు?" అంది. "ఫర్వాలేదు" అన్నాం ఇద్దరం. "అబ్బో, అంత బాగున్నారా!" అని నవ్వింది. ఇక ముద్ర చెరిగినట్టే అనుకున్నాను.

"చిన్నప్పుడు ఈయన ఆటలెలా ఉండేవి?" అని నన్నడిగింది.

"బొత్తాలు రంగుల వారీగా పేర్చేవాడు. నేనూ అంతే. బొత్తాలతో ఇంకేం చేస్తారు?"

"చప్పుళ్లకు ఇబ్బంది పడేవాడా?"

"ఎవరు పడరు? మీ ట్యూబులైటు ఇందాకట్నుంచి గీపెడుతోంది. ముందు దాన్ని ఆర్పండి."

ఆవిడ లేచి ఆర్పింది. "మనుషులు కావలించుకుంటే?"

"పక్కకి తప్పుకుంటాడు. నేనూ అంతే. ఆరేళ్ల కిందట స్టెఫాన్ పోయినరోజు అందరూ కావలించుకోవడానికొస్తుంటే నేను చర్చి హాల్లో నూట ఇరవై కుర్చీలు వరస పెట్టాను. రాతిగుండెది అన్నారు. మా అమ్మయితే నేను పుట్టిన దగ్గర్నుంచీ ఆ మాటే. మనిషి ఏడవాలంటే కుర్చీలు వంకరగా ఉండాలాండీ?"

రెండు గంటలపాటు ఇలాగే అడిగింది. వాడిది వింత కాదని రుజువు చెయ్యడానికి ప్రతిదానికీ నన్నే సాక్ష్యం పెట్టుకున్నాను. గురివింద గింజ సామెత నాకు తెలుసు గానీ అప్పుడు గుర్తు రాలేదు. ఇది నలుపేమీ కాదనుకోండి.

చివరికి ఆవిడ, "ఎల్మర్ గారూ, పాత డాక్టరు హడావిడి పడ్డ మాట నిజమే గానీ, చెప్పింది మాత్రం సరైనదే" అంది.

"ఆటిజమే" అన్నాడు ఎల్మర్, ఎర్రదే అన్నట్టు.

నేను దిగ్గున లేచాను. "ఇదేం అన్యాయమండీ! వీడు చేసేవన్నీ నేనూ చేస్తానని గొంతు చించుకుంటున్నానే! మరి నన్నేమంటారు?"

"మీ గురించి ఇవాళ నేనేం తేల్చలేను. కానీ 'నేనూ అంతే' అని పద్నాలుగుసార్లు అన్నారు" అంది డాక్టరు నెమ్మదిగా.

"పదిహేడు. బయట వరండాలో అన్న మూడూ కలిపి" అన్నాడు ఎల్మర్. "వచ్చే గురువారం పదింటికి నీ పేరు రాయించాను వదినా. ఇష్టమైతేనే."

"అంటే నువ్వు నీకోసం రాలేదా?"

"నాది నాకు తెలుసు. నిన్ను నేరుగా పిలిస్తే వచ్చేదానివా?"

"పళ్లు రాలగొట్టేదాన్ని."

"అందుకే." వాడు నా మొహం చూడలేదు, బల్ల అంచు చూస్తూ అన్నాడు. "మీ అమ్మ రాతిగుండె అంది. ఊరూ అదే అంది. అరవై మూడేళ్లు ఆ ఒక్క ఒపీనియన్ మీదే బతికావు. రెండోది అక్కర్లేదా?"

బల్ల మీది కారు తాళాలు తీసుకుని బయటికి నడిచాను. ఇంకాసేపుంటే తిట్టేదాన్ని.

కారులో కూర్చున్నాక తాళం తిప్పబోయి ఆగాను. "ఎప్పట్నుంచి అనుకుంటున్నావురా ఇదంతా?"

"అన్నయ్య పోయిన రోజు నుంచి. నువ్వెళ్లాక ఆ కుర్చీల వరసలు కొలిచాను. రెండుసార్లు. వేలెడు తేడా లేదు. అన్నయ్యంటే నీకు ఎంత ప్రేమో అప్పుడు తెలిసింది."

ఆరేళ్లు! స్టెఫాన్ మీద నాకు ప్రేమ ఉందని లోకంలో ఒక్కడికి తెలుసు, ఆ ఒక్కడూ ఆరేళ్లపాటు దాన్ని కడుపులో దాచుకుని నా పెరోగీలు తిన్నాడు!

"ఆ ముక్క అప్పుడే చెప్పి ఏడవొచ్చు కదరా!" అని అరిచాను.

"నువ్వు అడగలేదు వదినా" అన్నాడు.

ఇల్లు చేరేదాకా వాణ్ని తిడుతూనే కారు నడిపాను. అంత హాయిగా నేనెప్పుడూ ఎవర్నీ తిట్టలేదు.