అమ్మ ముందు తాగిన నీళ్లు

మా చిన్నోడు జోయెల్ బొమ్మ విమానం రెక్కలు అతికించడానికి కొత్త జిగురు గొట్టం మూత తీశాడు, అంతే, మస్కట్‌లోని మా మూడో అంతస్తు వంటింట్లో బెండకాయలు తరుగుతున్న నేను కత్తి అక్కడే వదిలేసి చిన్నప్పటి మా వాగు ఒడ్డున నిలబడిపోయాను. బాగా మగ్గిపోయిన అరటిపండూ, ఎక్కడో కాలుతున్న రబ్బరూ కలిస్తే వచ్చే తియ్యటి వాసన అది. ముక్కులో మొదలై నాలుక వెనక చేదుగా ఆగిపోతుంది. "మూత పెట్టు!" అని నేను అరిచిన అరుపుకు వాడు బెదిరిపోయి, "జస్ట్ గమ్ మమ్మీ!" అన్నాడు. పెద్దోడు సామ్యూల్ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "వదిలెయ్‌రా, మమ్మీకి అన్నింట్లో వాసనే" అన్నాడు. అబద్ధమేం కాదు. గ్లాసు నీళ్లు ఇచ్చినా నేను ముందు వాసన చూసే ఇస్తాను, అప్పుడే సీలు తీసిన సీసా అయినా సరే. తమ స్నేహితులు వచ్చినప్పుడు మాత్రం ఆ పని చేయొద్దని ఇద్దరూ నన్ను బతిమాలుకున్నారు. సైన్సు టీచరువి, నీకిదేం చాదస్తం అంటాడు మా ఆయన. సైన్సు టీచర్ని కాబట్టే అంటాను నేను.

ఆ వాసన ఆ వారమే రావడం నన్ను మరీ కలవరపెట్టింది, ఎందుకంటే రాబోయే శుక్రవారం, ఇక్కడి సెలవురోజున, సామ్యూల్‌కు బాప్తిస్మం. ఇక్కడి మా చిన్న తెలుగు సహవాసానికి సొంత గుడి లేదు, ముంచడానికి తొట్టి లేదు. ఒక సభ్యుడి యజమాని విల్లాలో నీలం పలకల ఈతకొలను ఉంటే దాన్ని అడిగి తీసుకుంటారు. వాడు రెండేళ్లుగా అడుగుతున్నాడు, నేను రెండేళ్లుగా వాదిస్తున్నాను. వయసు చాలదన్నాను, అర్థం తెలియదన్నాను, పరీక్షలన్నాను, పాస్టరు గారితో గంటలు గంటలు వాదించి ఆయనకు దగ్గు తెప్పించేదాకా వదల్లేదు. చివరికి మా ఆయనే, "నీ పేచీ దేవుడితోనా, నీళ్లతోనా?" అని అడిగాడు. దేవుడితోనైతే ఎప్పుడో తేలిపోయేది. మా పుట్టింటి సంఘంలో ఒక పద్ధతి ఉంది: బాప్తిస్మం రోజు బిడ్డకంటే ముందు తల్లి నీళ్లలో దిగాలి, దోసిట్లో నీళ్లు పట్టి తాగాలి, తాగి అందరికీ వినపడేలా ఒక మాట చెప్పాలి. ఆ మాట నా నోట వస్తుందా రాదా అన్నదే నా భయం.

మా వాడ సంగారెడ్డి వైపు కాజీపల్లికి ఇవతల ఉండేది. ఊరి బావి ఊరి వాళ్లది. మేము అందులో చేద వేయకూడదని ఎవరూ పలక మీద రాసి పెట్టలేదు, రాయాల్సిన అవసరం వాళ్లకు రాలేదు. వాగు మాత్రం మాది. వానాకాలం ఎర్రగా, మొరటుగా, ఒడ్డున తుంగను వంచేసుకుంటూ పారేది. దసరా దాటాక కోపం దిగిన మనిషిలా నెమ్మదించి, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టుకోగలిగినంత తేటపడేది. ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని చేతులతో చెలిమె తోడితే, మొదట బురద నీళ్లు, అవి చిమ్మేశాక కొబ్బరి నీళ్లలా తియ్యటి ఊట వచ్చేది. చిప్పతో తోడి, గుడ్డతో వడకట్టి బిందెలు నింపడం ఆడపిల్లల పని, పక్కింటి వాళ్ల చెలిమెలో ఇసుక తోసి పారిపోవడం మగపిల్లల పని. తువాలు చెరో కొస పట్టుకుని బుడ్డపరక చేపలు పట్టేవాళ్లం, రాళ్లకింద వేళ్లు పెట్టి ఎండ్రకాయలతో కరిపించుకునేవాళ్లం, ఒడ్డున తంగేడు పూలు కోసుకుని జడలో పెట్టుకుంటే, "గవి బతుకమ్మ పూలే, మందిరానికి పెట్టుకొని రాకు" అని మా నాయినమ్మ లాగేసేది. పువ్వుకు మతం ఏంది నాయినమ్మా అని నేను అప్పుడే అడిగినదాన్ని. "నీ నోటికి మొగుడెట్ల దొర్కుతడో" అనేది ఆమె. దొరికాడు, పాపం.

క్రిస్మస్‌కు ముందు, వాగు నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉన్న రోజుల్లో, బాప్తిస్మపు ఆదివారం వచ్చేది. మాది చిలకరించే సంఘం కాదు, నిండా ముంచే సంఘం. తెల్లవారకముందే వాడంతా సకినాల నూనె వాసన, మందిరం ముందు వెదురు బద్దలకు రంగుకాగితాలు అంటించిన నక్షత్రం, కట్టెల పొయ్యి మీద బగారన్నం, కోడికూర. అందరం పాడుకుంటూ వాగుకు నడిచేవాళ్లం, డప్పు ముందు, పాస్టరయ్య వెనక, తెల్లబట్టల పిల్లలు మధ్యలో చలికీ భయానికీ వణుకుతూ. మా నాయినమ్మల కాలంలో ఎవరో పిల్ల గుంటలో పడి మునిగిందట, అప్పటినుంచి తల్లి ముందు దిగి, పాదాలతో అడుగు తడిమి, గుంటలు లేవని చూసి, దోసెడు తాగి, "నీళ్లు మంచిగనే ఉన్నయి, రా బిడ్డా" అని పిలవాలన్న పద్ధతి పుట్టిందట. పిలిచాకే పాస్టరయ్య చేయి అందించేవాడు. పుస్తకంలో ఎక్కడా లేని ఈ తంతును ఏ పాస్టరూ మాన్పించలేకపోయాడు. తల్లి లేని పిల్లలకు మేనత్తో, అదీ లేకపోతే వాడలో ఎవరో ఒకామె తల్లిగా దిగేది. ఆ మాట వినపడకుండా మా వాడలో ఒక్కరూ నీళ్లలో కాలు పెట్టలేదు.

ఎనభైల్లో ఫ్యాక్టరీలు వచ్చాయి. మా నాయినకు ఒకదాంట్లో బాయిలర్ దగ్గర పని దొరికింది, పర్మనెంటు. తరాలుగా ఒకరి పొలంలో వంగిన నడుము మొదటిసారి నిటారుగా, ఇస్త్రీ పెట్టిన ఖాకీ చొక్కాలో, సైకిలెక్కి సైరనుకు సమయానికి పోవడం చూసి మా అమ్మ ఇంటి ముందు కాసేపు ఊరికే నిలబడేది, మళ్లీ ఎవరైనా చూస్తారని లోపలికి వచ్చేది. మా వాడలో సగం మగవాళ్లకు అక్కడే పని. సాయంత్రం నాయిన చొక్కా విప్పితే ఇల్లంతా ఆ తియ్యటి వాసన కమ్మేది. "కంపిని వాసన" అని మేము గొప్పగా చెప్పుకునేవాళ్లం, ఆ వాసన లేని ఇంటి పిల్లలు మాకు లోకువ. తర్వాత్తర్వాత ఆ వాసన వాగులోనూ వచ్చింది. వానపడ్డ రోజే ఎక్కువ వదిలేవాళ్లు, వరదలో కలిసిపోతుందని. ముందు బుడ్డపరకలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి, ఒడ్డున తుంగ మొదళ్లు మాడాయి, దిగిన బర్రెల కాళ్లకు పుండ్లు లేచాయి, చెలిమెలో ఊట టీ రంగుకు తిరిగింది. ఎండాకాలం కదా, నీళ్లు తగ్గాయి కదా అనుకున్నాం. ఎండాకాలం పోయింది, అయినా అలాగే అనుకున్నాం. తెలిసినా నోరు విప్పని జనం ఎంత ఓపిగ్గా కారణాలు కల్పించుకుంటారో నాకు ఆ ఏడే తెలిసింది.

ఆ ఏడు బాప్తిస్మానికి సిద్ధమైనవాళ్లలో నేనూ ఉన్నాను. అమ్మ నీలం అంచు తెల్లచీర కట్టుకుని, నా జడ తనే అల్లి, నా చేయి పట్టుకుని నడిపించింది. ఒడ్డున మా నాయిన ఉన్నాడు, డ్యూటీనుంచి నేరుగా వచ్చాడేమో కంపెనీ ఖాకీలోనే. ఆయన పక్కన అవే బట్టల్లో సగం సంఘం. అమ్మ దిగింది. అలవాటు ప్రకారం పాదాలతో అడుగు తడిమింది. దోసిలి నింపి నోటి దగ్గరికి తెచ్చి ఆగింది. పాట ఆగలేదు, డప్పు ఆగలేదు, అమ్మ ఒక్కతే ఆగింది. ఒడ్డువైపు చూసింది, నన్ను కాదు, నాయినను. తర్వాత తాగింది. గొంతులో ఆ గుటక ఒకచోట నిలబడి, బలవంతంగా కిందికి దిగడం నేను చూశాను, ఇప్పుడు కళ్లు మూసుకున్నా చూస్తాను. "నీళ్లు మంచిగనే ఉన్నయి," అంది, ఎప్పటికంటే గట్టిగా, "రా బిడ్డా." నేను వెళ్లాను. అమ్మ పిలిస్తే వెళ్లనా?

పైకి లేచేసరికి కళ్లు మంటలు. రెండు రోజుల్లో మెడ మీద, మోచేతుల మడతల్లో తోలు పొరలు పొరలుగా లేచింది. ఎదురింటి శాంతమ్మత్త చూసి, "పాపాలు బగ్గ గట్టిగున్నట్టున్నయే నీయి, తోలుతోని సహా వచ్చినయి" అంది. వాడంతా నవ్వింది, నేనూ నవ్వాను. అమ్మ నవ్వలేదు. కొబ్బరినూనెలో పసుపు కలిపి రోజూ నా మెడకు రాసింది. ఆ తర్వాత ఏడాదికి మందిరం వెనక సిమెంటు తొట్టి కట్టారు, ట్యాంకరు నీళ్లు పోశారు. తల్లులు తొట్టిలో దిగడానికి చోటు లేక, బయటే నిలబడి చెంబుతో తాగి ఆ మాట చెప్పడం మొదలైంది. మా మేనత్త చనిపోయిందని ఆమె కొడుక్కి తల్లిగా నిలబడమంటే అమ్మ రానంటే రానని తలుపేసుకుంది. ఎందుకని ఎవరడిగినా, "నాకు పాణం బాలేదు" అనేది. అది మాత్రం నిజమే అయింది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నారు డాక్టర్లు. వాగు నీళ్లకూ దానికీ సంబంధం ఉందని ఏ డాక్టరూ చెప్పలేదు, లేదనీ చెప్పలేదు. నేను అడిగినప్పుడల్లా మందులచీటీ వైపు చూసేవాళ్లు.

నేను సంగారెడ్డిలో డిగ్రీ చదివి, పెళ్లయి, మస్కట్ వచ్చి, సామ్యూల్ పుట్టాక మొదటిసారి ఇంటికి వెళ్లాను. వాడు అప్పుడే నడుస్తున్నాడు, ఎండకు నీళ్లడిగాడు. బోరింగు నీళ్లు గ్లాసులో పట్టి ఇవ్వబోతుంటే, మంచం మీంచి అమ్మ లేచి వచ్చి గ్లాసు లాక్కుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. వాకిట్లో పారబోసింది.

"ఏందమ్మా, మంచిగనే ఉన్నయి కదా" అన్నాను, ఆలోచించకుండా.

అమ్మ ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టింది. "గా దినం వాసన నాకొచ్చింది ఎస్తేరూ," అంది. "నోట్ల పెట్టంగనే తెల్సింది. మీ నాయిన గట్టు మీద నిలబడ్డడు, గా బట్టలేసుకొని. గంత మంది కొలువులు చేసెటోళ్లు ముంగట ఉండంగ, నీళ్లు మంచిగ లేవని ఎట్ల జెప్తనే? బిడ్డను పిల్వకుంట ఎట్ల ఉంటనే?"

చిన్నోడు పుట్టే ముందే ఆమె పోయింది.

శుక్రవారం వచ్చింది. ఎండలో ఈతకొలను మిలమిలలాడుతోంది, చుట్టూ నీలం పలకలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఎవరో తెచ్చిన బిర్యానీ డేగిసా. ఇక్కడి వాళ్లకు మా పద్ధతి తెలియదు; చీరతో నేను మెట్లు దిగుతుంటే పాస్టరు గారు, "సిస్టర్, మీరెందుకు?" అన్నారు. పాదాలతో అడుగు తడిమాను, గుంటలుండవని తెలిసినా తడిమాను. దోసిలి నింపాను. క్లోరిన్ వాసన, ఆసుపత్రి నేలలా. దాని కింద ఇంకేమైనా ఉందా అని వెతికాను, వెతికితే నాకు ఎక్కడైనా ఉంటుంది. గట్టు మీద సామ్యూల్ తెల్లబట్టల్లో, వాడి పక్కన జోయెల్, ఇద్దరూ నా నోటివైపే చూస్తున్నారు. చిన్నప్పటినుంచి వాళ్లకు ఆ మాట కథగా చెప్పాను, నా కొడుకులకు కథంతా తెలుసు, గుటక ఒక్కటే తెలియదు. తాగాను. మంచిగనే ఉన్నయి అని చెప్పడానికి నోరు తెరిస్తే వచ్చేది అమ్మ గొంతు.

"నీళ్ల సంగతి నాకు తెల్వదు బిడ్డా," అన్నాను. "నేను దిగిన. రా."

వాడు ఒక్క క్షణం ఆగి, దిగాడు.

మా తమ్ముడు ఫోనులో చెప్తుంటాడు, వాగుకు అడ్డంగా గోడ కట్టారట, అవతల ఏముందో కనపడదట, మందిరంలో ఇప్పుడు తొట్టికి పలకలు వేశారట, తల్లులు తాగడం మానేశారట, ఆ మాట మాత్రం పాస్టరే మైకులో చదువుతాడట. చెలిమె అంటే ఏందని వాడి పిల్లలు అడిగారట. బుడ్డపరకలు, తుంగ, నాయిన ఖాకీ చొక్కా, అమ్మ నీలం అంచు చీర, ఏవీ లేవు.

ఆ సాయంత్రం బిర్యానీ తిని ఇంటికొచ్చాక జోయెల్ దాహమన్నాడు. నేను లేవబోయాను, సామ్యూలే లేచాడు, ఇంకా తడి ఆరని జుట్టుతో. సీసా మూత తిప్పి గ్లాసు నింపాడు. ఇవ్వబోయి ఆగి, తనకు తెలియకుండానే గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. చూసి తమ్ముడికి ఇచ్చాడు.