మస్తాన్‌వలి మాత్రలు, నా మజ్జిగ సలహా

కోవిడ్ సద్దుమణిగిన ఏడాది, రిటైర్మెంటుకు రెండేళ్ళ ముందు, నన్ను ప్రకాశం మెట్టప్రాంతంలో, కనిగిరి వైపు, ఒక ప్రభుత్వాసుపత్రికి ఫార్మసీ ఆఫీసరుగా వేశారు. హోదా పేరు ఘనంగానే ఉంటుంది. చేసే పని మాత్రం డాక్టరు రాసిన చీటీ చూసి మందులివ్వడం, ఎలా వేసుకోవాలో చెప్పడం. చీటీలో ఉన్నదాన్ని మార్చే అధికారం మాకు లేదు. సలహాలివ్వకుండా ఊరుకునే ఓపిక నాకు లేదు.

పరుపులు కుట్టే మస్తాన్‌వలి అక్కడే పరిచయమయ్యాడు. అతనికి గోధుమ పడదు. అందులో ఉండే గ్లూటెన్ పేగును పాడుచేసే జబ్బు. రవ్వంత తిన్నా విరేచనాలు పట్టుకునేవి. అన్నం తినే ఇల్లు కనుక చపాతీ, ఉప్మా, బ్రెడ్డు మానేసి నెగ్గుకొచ్చాడు. పండక్కి కూడా అతని భార్య ఖాశింబీ బియ్యపు సేమియాతోనే పాయసం చేసేది. అయితే తమ్ముడు పోయాక మనిషి కుంగిపోయాడు. ఐదు నెలలు సూది పట్టలేదు, దూది మూట విప్పలేదు. మంగళవారాలు వచ్చే మానసిక వైద్యురాలు కుంగుబాటుకు మాత్ర రాశారు.

వారం తిరక్కుండా ఖాశింబీ వచ్చింది. మాత్ర వేసుకున్నాక కడుపులో తిప్పుతోందనీ, కాస్త విరేచనాలవుతున్నాయనీ చెప్పింది. ఈ రకం మాత్రలకు మొదట్లో అది మామూలే. చాలామందికి కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. అన్నం తిన్నాక వేసుకోమని చెప్పాను. అక్కడితో నోరు మూసుకుంటే బాగుండేది.

"పల్చటి మజ్జిగలో ఇంగువ దండిగా కలిపి మూడుపూటలా ఇవ్వమ్మా. మా అమ్మ మాకదే ఇచ్చేది" అన్నాను.

పది రోజులకు ఇద్దరూ వచ్చారు. మనిషి సగమైపోయాడు. మిగిలిన మాత్రల అట్ట కౌంటరు మీద పెట్టేశాడు.

"ఇందులో గోధుమ ఉంది సార్. నా పేగుకు తెలుసు. నాకొద్దు."

ఖాశింబీ గొంతు తగ్గించింది. "మొన్ననే దుకాణం తాళం తీశాడు సార్. ఇది మానేస్తే మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటాడు. నాకు భయంగా ఉందండి."

నాకూ భయమేసింది. మాత్ర గట్టిపడడానికి ఏదో ఒక పిండి కలుపుతారు కాబట్టి అతని అనుమానం కొట్టిపారేసేది కాదు. కంపెనీకి ఫోన్ చేశాను. మొక్కజొన్న పిండే, గోధుమ లేదన్నారు. మందు వల్ల ఇబ్బంది కలిగితే నింపి డాక్టరుకు ఇవ్వాల్సిన ఫారం ఒకటుంటుంది. వాళ్ళను కూర్చోబెట్టి రాయడం మొదలుపెట్టాను. అందులో ఒక గడి: ఈ మందుతోపాటు ఇంకేం తీసుకుంటున్నారు?

"ఏమీ లేదండి. మీరు చెప్పిన ఇంగువ మజ్జిగే. మా ఇంట్లో ఇంగువ వాడం, ఎదురు కొట్లో కొత్తగా కొని పూటకో చెంచా వేస్తున్నా" అంది ఖాశింబీ.

అంటే కడుపులోకి కొత్తగా వెళ్తున్నది మాత్ర ఒక్కటే కాదు. కలం ఆగింది. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకు వెళ్ళి వాళ్ళు కొన్న ఇంగువ డబ్బాయే అడిగి తీసుకుని తిప్పి చూశాను. వెనక చిన్న అక్షరాల్లో ఉంది, గోధుమ పిండి అని. అసలు ఇంగువ మహా ఘాటు, అందుకే పిండి కలిపి అమ్ముతారు. ముప్పై ఏళ్ళు మందుల లేబుళ్ళు చదివినవాణ్ణి, వంటింట్లో రోజూ కనబడే డబ్బా చదివిన పాపాన పోలేదు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. సిగ్గేసింది.

తిరిగొచ్చి డబ్బా చూపించి, తప్పు నాదేనని చెప్పాను. మస్తాన్‌వలి దాన్ని తీసుకుని వాసన చూశాడు.

"అయితే నా పేగు అబద్ధమాడలేదు సార్. దొంగ ఉన్నాడని సరిగ్గానే చెప్పింది. ఇల్లే తప్పు చూపించింది" అని చిన్నగా నవ్వాడు. ఖాశింబీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

డాక్టరమ్మ పరీక్షించి ఇంగువ మాన్పించారు, మాత్ర కొనసాగించమన్నారు. అట్ట అతనే జేబులో పెట్టుకున్నాడు. విరేచనాలు త్వరలోనే తగ్గాయి, తిప్పడం ఇంకాస్త ఆలస్యంగా పోయింది. పత్తి తీతల నాటికి దుకాణం ముందు దూది ఆరబోస్తూ కనిపించాడు.

చీటీ మీద రాసిందే మందు అనుకునేవాణ్ణి. కౌంటరు దగ్గర నోటిమాటగా చెప్పేదీ మందేనని అప్పుడు తెలిసింది. ఆ రోజు గడిలో 'ఇంగువ' అని రాసి, పక్కన 'సలహా ఇచ్చినది ఫార్మసీ ఆఫీసరు' అని చేర్చి, కింద సంతకం పెట్టాను.