కాళ్లు చూసే తాత

చండ్రుగొండలో ఎద్దులు కొనేవాళ్లు మా తాతను సంతకు వెంటబెట్టుకుని వెళ్లేవారు. ఆయన ఎద్దును నడిపించి కాళ్లు మాత్రమే చూసి, కొనొచ్చో లేదో చెప్పేవాడు.

ఓ జనవరి పొద్దున నా ఫోన్‌లో అమెరికా ఫుట్‌బాల్ నాకౌట్ మ్యాచ్ మొదలైంది. తాత తొంగిచూశాడు.

"ఎర్రంగీలోళ్లు ఓడతరు బిడ్డా. మడిమెలు ఈడుస్తున్నరు" అని చెప్పి మిరప చేనుకు వెళ్లిపోయాడు.

ఆ మాటను నా జోస్యంగా దోస్తుల గ్రూపులో పెట్టాను. అట్లా మూడు మ్యాచ్‌లు ఆయన చెప్పినట్టే ముగిశాయి. పేరు మాత్రం నాకొచ్చింది.

"నేను జెప్పింది అయిందా?" అని అడిగాడోరోజు.

నిజం తెలిస్తే తాత ఊరంతా చెప్తాడు, ఆ పేరు పోతుందేమోనని, "లేదు తాతా, మూడూ తప్పినయ్" అన్నాను.

ఆ వారం పక్కింటాయన సంతకు పిలిస్తే తాత కదల్లేదు.

"మనుషుల కాళ్లే పోల్చలేకపోతి. ఎద్దుల కాళ్లేం జూస్త బిడ్డా?"

నేను పక్కనే ఉన్నాను. దోస్తుల గ్రూపు తెరిచి ఉన్న ఫోన్‌ను జేబులో పెట్టుకున్నాను.